బొంగరం మావయ్య కొట్టేయించిన మాటలు

మా మావయ్య నాటకం మధ్యలో డైలాగు మర్చిపోయి, అప్పటికప్పుడు కొత్తవి అల్లేశాడని ఊళ్ళో చెప్పుకుంటారు. "వాడి నాలుక్కి కుట్టు మిషను బిగించుందండీ" అంటాడు టైలరు. చెప్పే ప్రతివాళ్ళూ ఇంకో రెండు మాటలు కలుపుతారు.

మావయ్యంటే మా అమ్మ తమ్ముడు. బస్టాండు పక్కన కటింగ్ షాపు ఆయనది. ఆయన కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. కస్టమరు లేకపోతే అద్దం తుడుస్తాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఎందుకు వెళ్ళాడో గుర్తురాక వెనక్కొస్తాడు. అందుకే అందరికీ ఆయన బొంగరం.

తొమ్మిదో తరగతితో నా చదువు ఆగిపోయాక, షాపు వెనక గదిలో తువ్వాళ్ళు ఉతికి ఆరేసే పని నాది. షాపుకీ గదికీ మధ్య ఒక కర్టెను. అది నేల దాకా రాదు. నాకు కస్టమర్ల మొహాలు కనపడవు, కాళ్ళు కనపడతాయి.

ఊరి హాల్లో మావయ్య వాళ్ళ బృందం ఏటా ఒక నాటకం వేస్తుంది. ఎప్పుడూ ఏడుపే. ఈసారి తనే ఒక నవ్వుల నాటకం రాస్తానని మావయ్య పట్టుబట్టాడు. రెండ్రోజులకని వచ్చి ఆర్నెల్లయినా కదలని ఒక మామగారి కథ.

"జనం నవ్వకపోతేనో?" అన్నాడు బృందానికి పెద్ద, ఇనపసామాన్ల కొట్టాయన.

"నవ్వకపోతే మళ్ళీ స్టేజి ఎక్కనండీ."

మావయ్య కాళ్ళు ఒక్కచోట నిలిచేది ఆ స్టేజి మీదే.

అప్పట్నుంచి షాపులో ఒకటే హడావుడి. ఆయన చెప్పేవాడు, నేను నోట్‌బుక్కులో రాసేదాన్ని. మర్నాడు గడ్డం గీస్తూ ఆ డైలాగును కస్టమరు మీద ప్రయోగించేవాడు. ఊళ్ళోవాళ్ళకి చెబితే కథ ముందే తెలిసిపోతుందని, బస్సు దిగిన పొరుగూరి వాళ్ళకే చెప్పేవాడు. నవ్వితే ఉంచాలి, లేకపోతే కొట్టెయ్యాలి.

"అల్లుడు అడుగుతాడండీ, మామగారూ, మీ ఇంటి మీద బెంగగా లేదా, అని. బెంగెందుకోయ్, మంచివాళ్ళకే అద్దెకిచ్చా, అంటాడు మామ!"

షాపులో చప్పుడు లేదు. కానీ కుర్చీ కింద కాళ్ళ పీట మీద రెండు పాదాలూ వణికాయి. బొటనవేళ్ళు ముడుచుకున్నాయి.

కస్టమరు వెళ్ళగానే మావయ్య కర్టెను లాగాడు. "కొట్టెయ్ అమ్మడూ. రాయిలా కూర్చున్నాడు."

"కాళ్ళు కదిలాయి మావయ్యా."

"దోమ కుట్టుంటుంది. కొట్టెయ్."

గొంతు మీద కత్తి పెడితే ఎవరు నవ్వుతారని అడగబోయాను. అప్పటికే ఆయన చీపురు పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. కొట్టేసిన మాట చదవడానికి వీలుగా, సన్నగా ఒక్క గీత గీశాను.

నాటకం నాటికి అలాంటి గీతలు నలభై అయ్యాయి. తల దువ్వేటప్పుడు ఎవరో మర్యాదకి నవ్విన మాటలే మిగిలాయి. వాటినే వేషగాళ్ళకి రాసిచ్చాను. పక్కతెర వెనక నిలబడి డైలాగులు అందించే పని కూడా నాకే పడింది.

మొదటి రంగమంతా హాల్లో ఎవరూ నవ్వలేదు. ఎవరో దగ్గారు. ఒక కుర్చీ కిర్రుమంది. ముందు వరసలో ఇనపసామాన్ల కొట్టాయన వాచీ చూసుకున్నాడు. మామగారి వేషంలో ఉన్న మావయ్య స్టేజి మీద కూడా ఈ మూల నుంచి ఆ మూలకి తిరగడం మొదలుపెట్టాడు.

"మామగారూ, మీ ఇంటి మీద బెంగగా లేదా?" అన్నాడు అల్లుడి వేషంలో ఉన్న టైలరు.

మావయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు. నా వైపు చూశాడు. నోట్‌బుక్కులో పైన గీత కొట్టిన మాట. కింద, దాని బదులు రాసుకున్నది: "ఉందోయ్, చాలా బెంగగా ఉంది." పైది చదివాను.

ఆయన వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"చెప్పండి మామగారూ, బెంగగా లేదా?" టైలరు పళ్ళ బిగువున మళ్ళీ అడిగాడు.

"బెంగెందుకోయ్," అన్నాడు మావయ్య నీరసంగా. "మంచివాళ్ళకే అద్దెకిచ్చా."

హాలు గొల్లుమంది. టైలరు తన మాట మర్చిపోయి నోరు వెళ్ళబెట్టాడు. దానికి ఇంకోసారి నవ్వారు. మావయ్య ఉన్నచోటే నిలబడిపోయాడు. తర్వాత మెల్లిగా ఒక అడుగు నా వైపు జరిగి, చెవి ఒగ్గాడు. గీత కొట్టిన మాటలన్నీ వరసగా అందించాను.

తెర పడ్డాక ఇనపసామాన్ల కొట్టాయన పరుగున వచ్చాడు. "ఎలా అల్లావయ్యా అన్ని మాటలు, నిలబడ్డ పళాన!"

మావయ్య వినిపించుకోలేదు. అప్పటికే కుర్చీలు మడుస్తున్నాడు.

ఇప్పుడు షాపులో డైలాగు చెప్పే ముందు కత్తి గొంతు మీంచి తీసి పైకెత్తి పట్టుకుంటాడు. నోట్‌బుక్కు అద్దం కింద సొరుగులో ఉంది. నాటకం వేసిన రోజు ఆయన అప్పటికప్పుడు అల్లిన మాట ఒక్కటీ లేదు. నలభై మాటలూ అంతకుముందే ఆయన చెప్పి రాయించినవి, ఆయనే కొట్టేయించినవి.