ఎడమ పెట్టె తక్కువ

నా భర్త పాలమూరులో రేడియో మిస్త్రీ. స్టేషన్‌కు పోయే తోవలో మాది కిరాయి ఇల్లు. ముందు గది దుకాణం, వెనక గదిలో కాపురం, మధ్యలో ఒక పరదా. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. కానీ ఏ రేడియో గురగురలాడుతోందో, ఏది ముక్కుతో మాట్లాడుతోందో పరదా ఇవతలి నుంచే చెప్పేదాన్ని. "మా ఇంటామె చెవులు మీటరు కన్న నయం" అని ఆయన గిరాకీలతో అనేవాడు. ఆ మాట వినబడితే పొయ్యి దగ్గర కూర్చుని నాలో నేనే నవ్వుకునేదాన్ని.

పంతొమ్మిది వందల అరవైలు ముగుస్తున్న రోజులు. ఆ ఏడు వానాకాలంలో ఆయనకు ఎడమ చెవి పోటు పట్టింది. రెండు రోజులు తలకు తువ్వాల చుట్టుకుని పని చేశాడు. మూడో రోజు వంట దగ్గరికి వచ్చి, "జర నూనె పొయ్యే, పానం పోతాంది" అన్నాడు.

చెవి పోటుకు వెల్లుల్లి వేసి కాచిన నూనె పొయ్యడం మా అవ్వ దగ్గర నేర్చుకున్నదే. పిల్లలకు ఎన్నిసార్లు పోశానో. ముందు ఒక చుక్క మణికట్టు మీద వేసుకుని, గోరువెచ్చన అనిపిస్తేనే పోయాలి. ఆ రోజు నేను కోపంగా ఉన్నాను. పొద్దున ఆయన నా పోపు గరిటె తీసుకుపోయి అందులో టంకం వేసే సీసం కరిగించాడు. గరిటె పనికి రాకుండా పోయింది. చిన్న గిన్నెలో నూనె కాస్తూ దాని గురించే సణుగుతున్నాను.

"గరిటెలు అంగట్ల దొరుకుతయి, నా చెవి దొరకదు. తొందరగ కానియ్" అన్నాడు.

"దొరకనీకె నువ్వేమన్న కొనిస్తవా?" అంటూ ఆయన తల ఒడిలోకి లాక్కుని పోశాను. చేతి మీద వేసి చూడలేదు. ఆయన ఒక్కసారిగా లేచి కూర్చున్నాడు. "మండుతాందే!"

"కొంచెం మండితేనే పోటు తగ్గుతది. పండుకో" అన్నాను.

పోటు తగ్గింది. నేను చెప్పినట్టే అయిందనుకున్నాను. నెల తిరిగేసరికి మాత్రం ఒక సంగతి కనిపెట్టాను. ఎడమ వైపు నుంచి పిలిస్తే ఆయన పలకడం లేదు. అన్నం పెట్టమంటావా అని అడిగితే చేతిలో పనే చూసుకుంటున్నాడు. కుడి వైపుకు పోయి అడిగితే వెంటనే పలుకుతున్నాడు. ఆయన అది గమనించలేదు. నేను మాత్రం ఆ నాటి నుంచి ఆయనకు కుడి వైపునే కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

అలాంటప్పుడు వకీలు సాబ్ స్టీరియో వచ్చింది. ఊళ్లో పేరున్న ఆ వకీలు బొంబాయి నుంచి రికార్డు ప్లేయరు తెప్పించుకుని, దానికి రెండు స్పీకరు పెట్టెలతో యాంప్లిఫయరు కట్టిమ్మన్నాడు. మా ఊళ్లో అలాంటిది ఎవరి దగ్గరా లేదు. అది బాగా కుదిరితే పెద్ద ఇళ్ల పని తనకే వస్తుందని నా భర్త ఆశ. నెల రోజులు అదే లోకం. కట్టడం అయ్యాక రెండు పెట్టెల్లో ఒకేలా పలకాల్సిన పాత రికార్డు పెట్టి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"ఎడమ పెట్టె తక్కువ పలుకుతాంది" అన్నాడు.

పరదా వెనక నాకు రెండూ సమానంగానే వినిపించాయి.

పెట్టెలను అటుది ఇటు మార్చాడు. ఎడమదే తక్కువ. ప్లేయరు నుంచి వచ్చే తీగలు మార్చాడు. ఎడమదే తక్కువ. లోపల వెలిగే గాజు వాల్వులు ఈ పక్కవి ఆ పక్క పెట్టాడు. మళ్లీ ఎడమదే. "గిదేం మాయ? తప్పు పెట్టెల ఉంటె పెట్టెతోని పోవాలె. వాల్వుల ఉంటె వాల్వుతోని పోవాలె. గిది జాగా పట్టుకుని కూసున్నది!" అని తల పట్టుకున్నాడు.

జాగా పట్టుకుని కూర్చున్నది ఏమిటో నాకు అప్పుడే తెలిసిపోయింది. గిన్నెలో పొగలు కక్కుతున్న నూనె కళ్ల ముందు కదిలింది.

"ఇటు రాయే. నువ్వు విని చెప్పు" అని పిలిచాడు.

వచ్చి స్టూలు మీద కూర్చున్నాను. రెండు పెట్టెల నడుమ నుంచి, సరిగ్గా నా ముక్కుకు ఎదురుగా పాట వస్తోంది. ఆయన నా ముఖంలోకి చూస్తున్నాడు. రెండూ ఒకటే అంటే తరువాత ఏం అడుగుతాడో నాకు తెలుసు.

"అవును. ఎడమదే తక్కువున్నది" అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. చేసిన ప్రతి పనీ నోటుబుక్కులో రాసుకోవడం ఆయన అలవాటు. "నువ్వన్నది గూడ రాస్తున్న" అని నవ్వుతూ రాశాడు. తరువాత కుడి పక్క మోత తగ్గేలా లోపల ఏదో మార్చి, టంకం వేసి, సెట్టును వకీలు ఇంటికి పంపాడు.

మూడో రోజే వకీలు సాబ్ సెట్టును రిక్షాలో వేసుకుని వచ్చాడు. "ఏంది మిస్త్రీ, కుడి పెట్టె గొంతు పిసికినవా? మా ఇంట్ల అందరు అదే అంటున్నరు."

"లేదు సాబ్, బరాబరి చేసి పంపిన. ఇద్దరం విన్నం."

సెట్టు పెట్టి ఇద్దరూ విన్నారు. వకీలు నవ్వాడు. "నాకు కుడి తక్కువ, నీకు బరాబరి. మనిద్దర్ల ఎవరి చెవులు ఖరాబైనయో తేల్చాలె మరి."

ఆయన నవ్వలేదు. "నువ్వేమంటవ్?" అని పరదా వైపు అడిగాడు. నేను పరదా సందులోంచి ఆయన్నే చూశాను. ఆయన స్టూలు తిప్పి పెట్టెలకు వీపు పెట్టి కూర్చున్నాడు. పాట సాగుతూనే ఉంది. ఇందాకటి ఎడమ పెట్టె ఇప్పుడు ఆయన కుడి వైపుంది. తక్కువన్న ఆ పెట్టే ఇప్పుడు ఆయనకు గట్టిగా వినిపిస్తోందని నాకు అర్థమైంది.

"సాబ్, ఎల్లుండి తీసుకపోండి. తప్పు దొరికింది" అన్నాడు.

వకీలు పోయాక చేతి గడియారం విప్పి కుడి చెవికి ఆనించుకున్నాడు. తరువాత ఎడమ చెవికి. మళ్లీ కుడి చెవికి.

"నీకు ముందే ఎరుకనా?" అని అడిగాడు.

"లేదు" అన్నాను.

మరునాడు దవాఖానకు నేనూ వెంట వెళ్లాను. చెవిలో పొర చిరిగిందని డాక్టరు చెప్పాడు. "ఎప్పటి నుంచి? వేడి నూనె గిట్ల ఏమన్న పోసిండ్రా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆయన, "లేదు సాబ్. జలుబు చేసింది" అన్నాడు. మరిచిపోయి అన్నాడా, నన్ను కాపాడటానికి అన్నాడా, ఇప్పటికీ తెలియదు. ఇంటికి నడిచి వస్తుంటే ఎప్పటిలా ఆయన కుడి వైపుకు మారబోయాను. "ఇక్కడ్నే ఉండు" అని నన్ను ఎడమ పక్కనే ఉంచుకున్నాడు. ఆ పక్క నుంచి నేనేమన్నా ఆయనకు వినిపించదు.

ఆ తరువాత ఆ దుకాణానికి ఎన్ని స్టీరియోలు వచ్చినా స్టూలు మీద కూర్చున్నది నేనే. "ఏ పక్క తక్కువ?" అని ఆయన అడిగేవాడు. వెంట్రుక వాసి తేడా ఉన్నా చెప్పేదాన్ని. నా మాట మీదే టంకం వేసేవాడు. ఒక్కసారి కూడా ఆయన నన్ను అనుమానించలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆయన పోయాక, ముసలితనంలో, మా వాడలో పెద్దవాళ్లకు పెట్టిన బడిలో చేరాను. కూడబలుక్కుని చదవడం వచ్చాక ఆయన నోటుబుక్కులు తీశాను. వకీలు సెట్టు పేజీ దొరకడానికి చాలా రోజులు పట్టింది.

"ఎడమ తక్కువ. పెట్టెలు మార్చిన. తీగలు మార్చిన. వాల్వులు మార్చిన. ఎడమే తక్కువ. ఇంట్ల ఆమె గూడ విన్నది, అట్లనే అన్నది."

దాని కింద వేరే సిరాతో, "సెట్టు మంచిగనే ఉన్నది" అని ఉంది. చెవి మాట లేదు. నూనె మాట లేదు.

ఆ కింద రెండు వరుసల జాగా మిగిలింది. పెన్సిలు తెచ్చుకుని వంకర అక్షరాలతో రాశాను: "నూనె కాగి ఉండె. చెయ్యి మీద ఏసి చూడలే. రెండు పెట్టెలు ఒక్క తీరుగనే పలికినయి."