పెదనాన్న మీద పట్టా

మా అమ్మ నలభయ్యో ఏట ఇంజనీరింగ్ కాలేజీలో చేరింది. చదువు మీద ప్రేమతో కాదు, మా పెదనాన్న మీద కసితో. ఇది నేను ఊహించి చెబుతున్న మాట కాదు. అడ్మిషన్ కౌంటర్లో కూర్చున్న ఆవిడ ఫారం చూసి, "ఈ వయసులో ఎందుకు చేరాలనుకుంటున్నారు?" అని అడిగినప్పుడు నేను అమ్మ పక్కనే ఉన్నాను. మేం వలసవెళ్ళిన దేశం భాష అమ్మకి అప్పటికింకా పూర్తిగా పట్టుబడలేదు. మాట కోసం కాసేపు తడుముకుని, "ఒకాయన నోరు మూయించాలి" అంది. కౌంటర్ ఆవిడ కళ్ళజోడు పైకి జరుపుకుని అమ్మని ఎగాదిగా చూసింది. తర్వాత ఆ గడిలో 'వృత్తిలో ఎదుగుదల కోసం' అని తనే రాసుకుంది.

పెదనాన్న మాకంటే పదేళ్ళ ముందే ఆ దేశం వెళ్ళి, ఇంజనీరుగా స్థిరపడి, ఇళ్ళకీ అపార్ట్‌మెంట్లకీ డిజైన్లు చేసే సొంత ఆఫీసు పెట్టుకున్నాడు. మమ్మల్ని పిలిపించింది ఆయనే. నాన్నకి సిటీ బస్సు డ్రైవర్‌గా పని దొరికింది. అమ్మకి పెళ్ళికి ముందు చేసిన డ్రాఫ్టింగ్ డిప్లొమా ఉంది. దాంతో పెదనాన్న ఆమెని తన ఆఫీసులోనే డ్రాయింగ్‌లు గీసే పనికి పెట్టుకున్నాడు. కిటికీ లేని గదిలో, పాత కాగితాల చుట్టల మధ్య అమ్మ బల్ల. ఇంజనీరు లెక్క కట్టి ఇస్తాడు, అమ్మ గీస్తుంది, కింద సంతకం పెదనాన్నది. అమ్మ గీసిన కాగితం పట్టుకుంటే సైటు మీద మేస్త్రీకి ఇంకో మాట అడగాల్సిన పని ఉండదని పేరు. ఎనిమిదేళ్ళు అలా సాఫీగా గడిచాయి.

తొమ్మిదో ఏడు ఒక మూడంతస్తుల ఇల్లు వచ్చింది. ముందువైపు వెడల్పాటి బాల్కనీ, దాని అంచుని మోస్తూ కింద రెండు స్తంభాలు. పని మధ్యలో ఇంటాయనకి ఆ స్తంభాలు కారుకి అడ్డం అనిపించాయి. తీసెయ్యమన్నాడు. పెదనాన్న వచ్చి అమ్మ బల్ల దగ్గర నిలబడి, "ఆ రెండూ చెరిపెయ్ అమ్మాయ్" అన్నాడు.

"చెరిపేస్తాను బావగారూ. మరి కాంక్రీటులో ఇనప కడ్డీలు? కింద ఆసరా పోతే బాల్కనీ గోడ పట్టుకుని గాల్లో నిలబడాలి కదా. కడ్డీలు అడుగునుంచి పైకి మార్చాలేమో?"

ఎనిమిదేళ్ళు వందల డ్రాయింగ్‌లు గీసిన మనిషికి ఆ మాత్రం తెలియకపోదు. కానీ గదిలో ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళ ముందు అలా అడగడం పెదనాన్నకి నచ్చలేదు. "డిగ్రీ లేనివాళ్ళ పని గీతలు గియ్యడం. ఆలోచించడానికి నేనున్నాను. చెప్పింది గియ్యి" అన్నాడు.

అమ్మ చెప్పింది గీసింది.

కాంక్రీటు పోసి, గట్టిపడ్డాక అడుగున పెట్టిన కర్రలు తీశారు. మూడో రోజు మధ్యాహ్నం, అందరూ అన్నాలకి వెళ్ళిన వేళ, బాల్కనీ గోడ దగ్గర పగిలి ముందుకి వాలిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ విచారణ జరిగింది. పొడుగాటి బల్ల చుట్టూ ఇంటాయన, కాంట్రాక్టరు, ఇద్దరు అధికారులు, పెదనాన్న. చివర్న అమ్మ. పెదనాన్న గొంతు సవరించుకుని, "స్తంభాలు తీసేస్తే కడ్డీలు మార్చమని నేను నోటితో చెప్పాను. మా మరదలు తొందరలో మర్చిపోయింది. చదువు లేని మనిషి, సొంతమనిషని నమ్మాను. నమ్మడమే నా తప్పు" అన్నాడు.

అమ్మ నోరు తెరిచింది కానీ, ఆ భాషలో అప్పటికప్పుడు నాలుగు వాక్యాలు కూడలేదు. కూడేలోపు వాళ్ళు ఫైలు మూసేశారు. ఆ సాయంత్రమే అమ్మ ఉద్యోగం పోయింది.

అదంతా ఒక ఎత్తు, తర్వాతి ఆదివారం ఒక ఎత్తు. నెలకోసారి బంధువులందరం పెదనాన్న ఇంట్లో భోజనానికి కలిసేవాళ్ళం. అమ్మ వెళ్ళనంది. "వెళ్ళకపోతే తప్పు చేసినట్టే అనుకుంటారు" అని నాన్న బతిమాలి తీసుకెళ్ళాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే మా పెద్దమ్మ, "అదిగో, బాల్కనీ వచ్చింది! కాస్త గట్టి కుర్చీ చూసి వెయ్యండ్రా!" అంది. ఇల్లంతా పగలబడి నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. పెద్దగా కాదు, పెదవి చివర. అమ్మ అది చూసింది. ఆ రోజు నుంచి చుట్టాల్లో ఆమె పేరు బాల్కనీ.

అమ్మ ఏడవలేదు. ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా నా కంప్యూటర్ ముందు కూర్చుని, "సాయంత్రం కాలేజీలు ఎక్కడున్నాయో చూడవే" అంది.

సివిల్ ఇంజనీరింగ్, సాయంత్రం క్లాసులు, ఆరేళ్ళు. పగలు బట్టలు సరిచేసే దుకాణంలో పని. పంట్లాల అంచులు కుట్టడం, జిప్పులు మార్చడం. నోట్లో గుండుసూదులు పెట్టుకుని సూత్రాలు గొణుక్కుంటుంటే ఒకావిడ తనని తిడుతోందనుకుని యజమానికి ఫిర్యాదు చేసిందట. సాయంత్రం క్లాసులో చుట్టూ పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ పిల్లలు. మొదటిరోజు ఆమెని చూసి టీచరనుకుని లేచి నిలబడ్డారు.

ఆ ఏడు నేను స్కూలు లెక్కల్లో ఇంటిగ్రేషన్ మొదలుపెట్టాను. అమ్మా అదే మొదలుపెట్టింది. మొదటి పరీక్షలో తప్పింది. వంటింటి బల్ల దగ్గర నేను చెప్తుంటే వినేది కానీ ఎక్కేది కాదు. ఒకరోజు పెన్సిల్ విసిరికొట్టి, "ఇది నా వల్ల కాదే" అంది.

నాకూ విసుగొచ్చి, "పెదనాన్న ఇది పాసయ్యాడుగా" అన్నాను.

అమ్మ వంగి పెన్సిల్ తీసుకుంది. "మళ్ళీ చెప్పు" అంది.

అప్పటినుంచి నాకు కిటుకు దొరికింది. అమ్మ ప్రతి నోటుపుస్తకం మొదటి పేజీలో 'డిగ్రీ లేనివాళ్ళ పని గీతలు గియ్యడం' అని రాసుకునేది. ఇంకే దేవుడి పేరూ రాసేది కాదు. విసుగొచ్చినప్పుడల్లా ఆ పేజీ తిప్పి చూసుకునేది. రెండో ఏడు చివర్లో నాన్న మాటల్లో మాటగా, "ఇంకా ఎన్నాళ్ళు ఈ పంతం? అన్నయ్య ఆ సంగతి ఎప్పుడో మర్చిపోయాడు" అన్నాడు. ఆ తర్వాతి సెమిస్టరంతా అమ్మ, నాన్న మీద కసితో చదివింది. అన్ని సబ్జెక్టుల్లోనూ మంచి మార్కులొచ్చాయి.

ఐదో ఏట ప్రాజెక్టు చెయ్యాలి. కట్టడాల పాఠం చెప్పే పెద్దాయన్ని పిల్లలు గుండుసున్నా అనేవారు. జవాబు సరిగ్గా ఉన్నా పక్కన మీటర్లో కిలోలో రాయకపోతే సున్నా వేస్తాడని ఆ పేరు. కూలిపోయిన కట్టడం ఒకటి తీసుకుని, ఎందుకు కూలిందో తేల్చమన్నాడు. అమ్మ బాల్కనీ తీసుకుంది. విషయం మొత్తం విని ఆయన, "ఇది చదువా, పగా?" అని అడిగాడు.

"రెండూ సార్."

"సరే. లెక్కలు మాత్రం తప్పకూడదు."

చదువుకునేవాళ్ళకి పాత విచారణ ఫైళ్ళు చూడనిస్తారు. అమ్మ ఫైలు తెప్పించుకుని మూడు రోజులు చదివింది. అందులో పెదనాన్న చెప్పినదే ఉంది. తర్వాత, అప్పట్లో ఆ సైటు చూసుకున్న ముసలి మేస్త్రీని వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయన పని మానేసి ఇంట్లో గుమ్మం ముందు పూలకుండీలకి రంగు వేసుకుంటున్నాడు. అమ్మ చెప్పినదంతా విని, బ్రష్ పక్కన పెట్టి, లోపలికెళ్ళి ఒక అట్ట ఫైలు తెచ్చాడు.

"స్తంభాలు తీసేశారు, మరి కడ్డీలు మార్చాలా అని నేనే కాగితం రాసి మీ ఆఫీసుకి పంపానమ్మా. ఇదిగో జవాబు."

ఒకే ఒక్క వాక్యం. 'మార్పు అవసరం లేదు, ఉన్నట్టే వెయ్యండి.' కింద పెదనాన్న సంతకం.

"విచారణలో ఇది చూపించలేదేం?"

"నన్నెవరూ పిలవలేదు. తప్పు నా మీద వేసుంటే నేను ఊరుకుందునా?"

ఇంటికొస్తూ బస్సులో అమ్మ ఆ కాగితం నకలుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ బస్సు నడుపుతున్నది నాన్నే. ఆయనతో ఒక్క మాట చెప్పలేదు.

ప్రాజెక్టు వివరించే సభకి బయటి ఇంజనీర్లు కూడా రావచ్చు. ఇంజనీర్ల సంఘం నుంచి ఇద్దరు పెద్దలు వచ్చి మార్కులు వేస్తారు. అమ్మ పెదనాన్నకి స్వయంగా ఆహ్వానం పంపింది. కింద చేత్తో 'బావగారూ, తప్పకుండా రావాలి' అని రాసింది, ప్రాజెక్టు దేని గురించో మాత్రం రాయలేదు. పెదనాన్న పొంగిపోయాడు. ఇస్త్రీ కోటు వేసుకుని వచ్చి, మూడో వరసలో కూర్చుని, అటూ ఇటూ ఉన్నవాళ్ళకి, "మా మరదలే. నా దగ్గరే పని నేర్చుకుంది" అని చెప్పుకున్నాడు.

అమ్మ బూడిదరంగు చీరలో తెర పక్కన నిలబడింది. నేను వెనక కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాను. మొదట ఇల్లు చూపించింది. తర్వాత స్తంభాలు ఉన్న బొమ్మ, తీసేసిన బొమ్మ. బరువు ఎటు పోతుందో, కడ్డీ ఎక్కడుండాలో, ఎక్కడుందో చెప్పింది. ఐదేళ్ళ క్రితం కూడని వాక్యాలు ఇప్పుడు వరసగా, తొణక్కుండా వచ్చాయి. ఎక్కడా పేరెత్తలేదు. 'ఇంజనీరు' అంది, 'డ్రాయింగ్ గీసిన మనిషి' అంది, అంతే. చివర్న మేస్త్రీ ఇచ్చిన కాగితం తెర మీద పెట్టింది. సంతకం గోడంత ఉంది.

సంఘం పెద్దల్లో ఒకావిడ ముందుకి వంగి, "ఈ ఇంజనీరు ఇప్పటికీ డిజైన్లకి సంతకాలు పెడుతున్నారా?" అని అడిగింది.

"పెడుతున్నారండీ. మూడో వరసలో కూర్చున్నారు" అంది అమ్మ.

పెదనాన్న చెవులు ఎర్రబడటం నేను వెనకనుంచి చూశాను. నాకు భయమేసింది. సంతోషమూ వేసింది. ఏది ముందో చెప్పలేను.

సంఘంవాళ్ళు అమ్మని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇమ్మన్నారు. ఆ సంగతి తెలిసి మర్నాడే పెదనాన్న మా ఇంటికొచ్చాడు. అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు ముట్టుకోలేదు.

"అమ్మాయ్, మనం మనం ఒకటి. మిమ్మల్ని ఈ దేశం తెచ్చింది నేను. ఆ కాగితం వాళ్ళకివ్వకు. ఏం చెయ్యమంటావో చెప్పు, చేస్తాను."

"ముందు మీ ఇంట్లో, అప్పుడున్నవాళ్ళందరి ముందూ, జరిగింది చెప్పండి బావగారూ. తర్వాత సంగతి తర్వాత చూద్దాం."

ఆదివారం అందరం వెళ్ళాం. భోజనాల మధ్యలో పెదనాన్న కంచంలోకి చూస్తూ, "ఆ బాల్కనీ విషయంలో తప్పు నాదే. తను అడిగింది, నేను వినలేదు. విచారణలో అబద్ధం చెప్పాను" అన్నాడు. ఎవరూ తలెత్తలేదు. పెద్దమ్మ వడ్డిస్తున్న గరిటె గిన్నెలోకి జారిపోయింది. అమ్మ తాపీగా భోజనం ముగించి, చెయ్యి కడుక్కుని, "వంట బావుందక్కా" అని చెప్పి బయల్దేరింది.

సోమవారం పొద్దున్న ఫిర్యాదు పోస్టు చేసింది.

నాన్న మొదటిసారి అమ్మ మీద అరిచాడు. "చెప్పాడు కదే! అందరి ముందూ తల దించుకుని చెప్పాడు కదా! ఇంకా ఎందుకు?"

"చెబితే పంపనని నేను అనలేదండీ."

"వాడు నా అన్న!"

"తెలుసు. ఆ రోజు నవ్వినప్పుడే తెలుసు."

నాన్న నెల రోజులు అమ్మతో మాట్లాడలేదు. కానీ ఒకరోజు పొద్దున్నే డ్యూటీకి వెళ్తూ ఆమె పుస్తకాల సంచీ జిప్పు ఊడిపోతే సరిచేసి, గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళాడు. సంఘం విచారించి, పెదనాన్న రెండేళ్ళు ఏ డిజైన్ మీదా సంతకం పెట్టకూడదని తీర్పిచ్చింది. ఆయన ఆఫీసు ఇంకొకరి కింద నడిచింది. ఆదివారం భోజనాలు ఆగిపోయాయి.

అసలు కష్టం అప్పుడు వచ్చింది. అమ్మకి ఇంకా చివరి ఏడు మిగిలే ఉంది, కసి మాత్రం అయిపోయింది. మట్టి గురించిన సబ్జెక్టు ఒకటి ఉండేది, ఏ నేల ఎంత బరువు మోస్తుందో చెప్పేది. పుస్తకం తెరిచి గంట కూర్చునేది, పేజీ తిరిగేది కాదు. మధ్యలో లేచి అల్మారాలు సర్దేది. "మానేద్దామనుందే. అయిపోయిందిగా" అంది నాతో. నేను ఎన్ని చెప్పినా, పెదనాన్న పేరెత్తినా లాభం లేకపోయింది. ఆ పేరులో పస పోయింది.

పరీక్షలు ఆరు వారాల్లో ఉన్నాయనగా పెద్దమ్మ ఫోన్ చేసింది. ఏడాదిగా మాటల్లేవు. అమ్మ స్పీకర్ పెట్టింది.

"మా ఆయన్ని వీధిలో నిలబెట్టావు, సంబరం తీరిందిగా. ఇంకెందుకమ్మా చదువు? నీకు కావలసింది పట్టా కాదు. అందరికీ తెలుసు, నువ్వది పూర్తి చెయ్యవని."

అమ్మ ఫోన్ పెట్టేసింది. ఆమె మొహంలో పోయిన రంగు తిరిగొచ్చింది. కొత్త నోటుపుస్తకం ఒకటి తీసి, మొదటి పేజీలో 'నువ్వది పూర్తి చెయ్యవు' అని రాసింది. మట్టి సబ్జెక్టులో క్లాసులో రెండో స్థానం వచ్చింది.

పట్టా తీసుకున్న ఏడాదే నగరపాలక కార్యాలయంలో భవనాల ప్లాన్లు తనిఖీ చేసే ఉద్యోగం వచ్చింది. పెద్ద కిటికీ పక్కన బల్ల. అక్కడ చేరిన ఎనిమిది నెలలకి పెదనాన్న శిక్ష ముగిసి, ఆయన సంతకంతో మొదటి ఫైలు ఆ ఆఫీసుకి వచ్చింది. నేరుగా అమ్మ బల్ల మీదకే. అమ్మ ఎర్ర కలం మూత తీసి, మొదటి కాగితం విప్పింది కూడా. అంతలో పై అధికారి వచ్చి, "ఇంటిపేరు ఒకటేలా ఉంది, బంధువులా?" అని అడిగాడు. అబద్ధం చెప్పొచ్చు. అమ్మ చెప్పలేదు. బంధువుల ఫైళ్ళు చూడకూడదన్నది అక్కడి నియమం. ఆయన ఫైలు తీసుకెళ్ళి పక్క బల్ల మీద పెట్టాడు. పక్క బల్లాయన ఆఫీసు మొత్తానికి పేరుమోసిన మొండివాడు, ఒక్కో ఫైలు మూడుసార్లు వెనక్కి పంపుతాడు. అది తలుచుకుని అమ్మ కాస్త కుదుటపడింది.

వారం ఆగి, ఆయన్ని మాటల్లో పెట్టి అడిగింది. డ్రాయింగ్‌లో ఒక్క తప్పు కూడా లేదట, మొదటిసారే ఆమోదించాడట.

ఆ సాయంత్రం అమ్మ నాకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పింది. "సంతోషించాలి కదమ్మా?" అన్నాను.

"ఏం సంతోషం! చిన్నదైనా ఒక్కటి దొరుకుతుందనుకున్నానే" అంది, నిజంగా బాధపడుతూ.