మూడంగుళాలు పెరిగిన బండి

రంగూన్‌లో మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, రైలు పట్టాల వైపు సందులో సత్తిరాజు కొలిమి ఉండేది. లారీ గానీ బస్సు గానీ ఒక పక్కకి ఒరిగి నడుస్తోందంటే జనం దాన్ని ఆయన దగ్గరికే తోలేవారు. బండి బరువు మోసే కమాను పట్టీలను ఎర్రగా కాల్చి, సమ్మెటతో వంపు తెచ్చి, నూనెలో ముంచి తీయడం ఆయన పని. తండ్రి టెక్కలి వైపు నుంచి ఓడెక్కి వచ్చి నేర్చుకున్న పని అది, కొడుక్కీ అదే అబ్బింది.

అరవై నాలుగులో దుకాణాలన్నీ సర్కారు పరమైనప్పుడు తెలుగువాళ్లు ఓడల నిండా వెనక్కి వెళ్లిపోయారు. సత్తిరాజు కూడా టిక్కెట్టు తీసుకున్నాడు. ఓడ బయల్దేరే వారంలో ఎవరిదో లారీ ఇరుసు విప్పి ఉంది. విప్పినదాన్ని బిగించకుండా వెళ్లిపోవడానికి మనసొప్పలేదు. బిగించేసరికి ఓడ వెళ్లిపోయింది. తర్వాతి ఓడ వచ్చేలోగా సాన్ సాన్ అనే బర్మా పిల్లతో పెళ్లయిపోయింది. అలా ఉండిపోయాడు. ఉండిపోవడం వెనక ఏదో పెద్ద నిర్ణయం ఉందని ఎవరైనా అనుకుంటే ఆయనకి నవ్వొచ్చేది.

సాన్ సాన్ తమ్ముడు కిన్ మౌంగ్. దేశంలో ఉన్న ఒకే ఒక్క పార్టీ, సర్కారు పార్టీ కార్డున్నవాడు, పేట కౌన్సిల్లో మెంబరు. జీపు చాసిస్ మీద కట్టిన పాత పికప్పొకటి ఉండేది. వెనక రెండు బల్లలు వేసి, ఊరి చివర మింగళాడోన్ దాకా జనాన్ని తిప్పేవాడు. ఎనభై ఎనిమిది మే నెలలో ఆ బండి టైర్లు దారాలు బయటపడి తిరుగుతున్నాయి. దేశంలోకి బయటి సరుకు రాని రోజులు. టైరు కావాలంటే సహకార సంఘంలో చీటీ వేయాలి, పేరు రావాలి. కిన్ మౌంగ్ పేరు వచ్చింది. అయిదేళ్లలో మొదటిసారి. నాలుగు కొత్త టైర్లు రిక్షాలో వేసుకుని కొలిమికి వచ్చాడు.

సత్తిరాజు ఒక టైరును పాతదాని పక్కన నిలబెట్టి చూశాడు. కొత్తది నాలుగంగుళాలు ఎక్కువ ఎత్తుంది.

"ఇవి లారీవి."

"రింగుకి సరిపోతాయి ఆకో," అన్నాడు కిన్ మౌంగ్. అక్క మొగుణ్ని బర్మా పద్ధతిలో ఆకో అని, అంటే అన్నా అని పిలిచేవాడు. వాళ్ల మాటలన్నీ బర్మా భాషలోనే.

"రింగుకి సరిపోతాయి. బండికి సరిపోవు. మార్చి ఇమ్మను."

"మార్చమంటే నాకు అక్కర్లేదని రాసుకుంటారు. అమ్మితే జైలు. ఇచ్చినవాళ్లు ఇచ్చారు, బండినే సరిచెయ్యాలి."

సత్తిరాజుకి ఆ వాదన కొత్త కాదు. సైన్యం గద్దెనెక్కిన ఈ ఇరవై ఆరేళ్లుగా దేశమంతా ఇచ్చినదానికి తగ్గట్టు తనని తాను సరిచేసుకుంటూనే ఉంది. టైర్లు ఎక్కించి, వెనక ఇసుక బస్తాలు వేసి, స్టీరింగు అటూ ఇటూ ఆఖరిదాకా తిప్పించాడు. మడ్గార్డుకి రాసుకుంది. గుంతలో పడితే కోసేస్తుంది.

"ఆరంగుళాలు లేపెయ్," అన్నాడు కిన్ మౌంగ్. వానాకాలం నీళ్లలో తన బండి ఒక్కటే ఏనుగులా నడుస్తుందని అప్పుడే ఊహించుకుంటున్నాడు.

"ఆరు లేపితే మలుపులో పడుకుంటుంది. బ్రేకు గొట్టం అందదు. ప్రొపెల్లర్ షాఫ్టు వంకర పడి కీళ్లు అరిగిపోతాయి."

ఆ తర్వాత ఆయన నేలమీద సుద్దతో గీసి మరీ చెప్పాడు. ఇరుసుకీ కమానుకీ మధ్య ఇనప దిమ్మ పెట్టొచ్చు. ఒక పూటలో అయిపోతుంది గానీ బ్రేకు వేసినప్పుడల్లా ఇరుసు మెలితిరగాలని చూస్తుంది. ముందువైపు దిమ్మ పెట్టడం తన చేత్తో చెయ్యడు. కమాను చివర వేలాడే షాకిళ్లు పొడుగువి వేయొచ్చు. అప్పుడు స్టీరింగు తాగినవాడిలా ఊగుతుంది. బాడీ ఒక్కటీ లేపి కింద చెక్కలు పెట్టొచ్చు. మనుషుల్ని మోసే బండికి అది తగదు. నికరమైన పని ఒకటే. పట్టీలన్నీ విప్పి, వంపు పెంచి, కట్టకొక పట్టీ అదనంగా వేయడం. మూడంగుళాలు వస్తుంది. మిగతాది మడ్గార్డు అంచు కోస్తే సరి.

"స్పీడు మీటరు మాత్రం తక్కువ చూపిస్తుంది."

"అది ఎనభై ఒకటి నుంచి ఏదీ చూపించడం లేదు," అన్నాడు కిన్ మౌంగ్.

అదనపు పట్టీలకి ఉక్కు లేదు. సత్తిరాజు నది దాటి దలా వెళ్లి, పాత ఇనుము కొట్లో విరిగిన లారీ పట్టీలు ఏరుకుని, గోనెలో చుట్టి ఫెర్రీలో తెచ్చుకున్నాడు. తొమ్మిది రోజులు కొట్టాడు. బండి లేచి నిలబడింది, ఎక్కడా రాసుకోలేదు. కిన్ మౌంగ్ దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

మొదటి ట్రిప్పులోనే పేచీ వచ్చింది. పూలమ్మే వెంకాయమ్మ రోజూ ఆ బండిలోనే మింగళాడోన్ బజారుకి వెళ్లేది. డెబ్బై దాటిన మనిషి. బుట్ట ఎక్కింది గానీ ఆవిడ ఎక్కలేకపోయింది. తిన్నగా కొలిమికి వచ్చింది.

"ఏటిరా సత్తీ, బండి నేపినావంట! నన్నెవుడు నేపుతాడు?"

"టైర్లు పెద్దయి అప్పా," అన్నాడు సత్తిరాజు. టెక్కలి వైపు అప్ప అంటే అక్క.

"టైర్లకోసం బండి నేపినోడివి, మనిసికోసం మెట్టెయ్యలేవేటి?"

సత్తిరాజు ఆ సాయంత్రమే మూడు మెట్ల ఇనప నిచ్చెన చేసి బండి వెనక బిగించాడు.

ఆగస్టు వచ్చింది. సర్కారు దిగిపోవాలని విద్యార్థులు సమ్మె కట్టి రోడ్లమీదకి వచ్చారు. వాళ్ల వెనక రేవు కూలీలు, గుమాస్తాలు, బౌద్ధ భిక్షువులు, చివరికి అందరూ. తుపాకులు పేలిన రోజున కిన్ మౌంగ్ బండి సందులో వదిలేసి మాయమయ్యాడు. దెబ్బలు తగిలిన నలుగురిని ఎవరో మోసుకొచ్చి బల్లలమీద పడుకోబెట్టారు. నడపడానికి మనిషి లేడు. సత్తిరాజు ఎక్కి కూర్చున్నాడు. ఎన్నో ఏళ్లుగా బండ్ల కిందే తప్ప పైన కూర్చోలేదు. గుంతలు తప్పించుకుంటూ ఆసుపత్రి దాకా నడిపాడు. ముగ్గుర్ని దింపుకున్నారు. నాలుగోవాడి దగ్గర తొందరపడాల్సిన అవసరం లేకపోయింది. తిరిగొచ్చాక బల్లలు తనే కడిగాడు. సాన్ సాన్ ఆయన నెత్తుటి లుంగీ తీసుకెళ్లి నీళ్లలో నానబెట్టింది.

రెండు వారాలకి సైనికులు బారకాసుల్లోకి వెళ్లిపోయారు, ఊరు జనం చేతిలోకి వచ్చింది. పేటలో సభ పెట్టాలన్నారు. అందరికీ కనబడేంత ఎత్తున్నదీ, వెనక నిచ్చెన ఉన్నదీ ఒకే బండి. కిన్ మౌంగ్ భయపడుతూ బయటికొచ్చాడు. తంతారనుకుంటే, బండి ఇచ్చినవాడని మెడలో దండ వేశారు. దండ పడేసరికి మనిషి పొంగిపోయాడు. నిచ్చెనెక్కి, పార్టీ కార్డు చింపి, తను చిన్నప్పటి నుంచీ ప్రజాస్వామ్యవాదినేనని చెప్పాడు. చప్పట్లు మోగాయి. ఆ రోజునుంచి అతను సమ్మె సంఘానికి వాహనాల పెద్ద. ఉన్న వాహనం ఒకటే.

సత్తిరాజు జనంలో నిలబడి ఉపన్యాసాలు వినడం లేదు, బండి కిందకి చూస్తున్నాడు. పాతికమంది ఎక్కారు. అందరూ జనానికి కనబడాలని ఎడమ పక్కకే చేరారు. ఎడమ కమాను తిరగబడేలా వంగింది. ఉండబట్టలేక గొంతెత్తి బర్మాలో అరిచాడు.

"అందరూ ఒకే పక్క నిలబడొద్దు! బరువు రెండు పక్కలా సమానంగా పడాలి! లేకపోతే మొత్తం కూలిపోతుంది!"

చప్పట్లతో సందు దద్దరిల్లింది. ఎవరో ఆ మాటల్ని నినాదంగా అందుకున్నారు. బండి మీదివాళ్లు చప్పట్లు కొడుతూ ఎడమ పక్కే ఉండిపోయారు.

సెప్టెంబరు పద్దెనిమిదిన సైన్యం మళ్లీ ఊరు పట్టుకుంది. పది రోజుల తర్వాత ఒక ఉదయం ఇద్దరు సిపాయిలు వచ్చి సత్తిరాజుని మింగళాడోన్ వైపు శిబిరానికి తీసుకుపోయారు. పికప్పు అప్పటికే అక్కడుంది. బల్ల వెనక ఒక కెప్టెను, ముందర కాగితాలు.

"ఉ సత్తి," అన్నాడు, బర్మా వాళ్లు పెద్దవాళ్ల పేరు ముందు చేర్చే 'ఉ' చేర్చి. "సమ్మె సభల కోసం బండి ఎత్తు పెంచింది నువ్వేనా?"

"టైర్ల కోసం పెంచానండి."

"అంత పెద్ద టైర్లు ఎందుకు?"

"సర్కారు వారు ఇచ్చారండి."

కెప్టెను కాగితం తిరగేశాడు. "ఉపన్యాసకుల కోసం నిచ్చెన కట్టావని మీ బావమరిది వాంగ్మూలం."

సత్తిరాజుకి కోపం రాలేదు. కిన్ మౌంగ్ భయపడితే ఏమైనా అంటాడని పెళ్లినాటి నుంచీ తెలుసు. "అది పూలమ్మే ముసలావిడ కోసమండి."

"ఇది చదువుతాను విను. 'అందరూ ఒకే పక్క నిలబడొద్దు, లేకపోతే మొత్తం కూలిపోతుంది.' దీని అర్థమేమిటి?"

"కమాను విరిగిపోతుందనండి."

కెప్టెను ఆయన ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఇంత తెలివిగా అబద్ధమాడేవాణ్ని ఇదివరకు చూసినట్టు లేదు. ముసలావిడని పిలిపించమన్నాడు.

మర్నాడు వెంకాయమ్మని జీపులో తెచ్చారు. బుట్టతో సహా వచ్చింది. ఎక్కి చూపించమన్నారు. నిచ్చెన పట్టుకుని ఒక్కో మెట్టూ మూలుగుతూ ఎక్కి, బల్లమీద కూర్చుని, బుట్ట ఒళ్లో పెట్టుకుంది. విచారణ అయిపోయిందన్నారు, దిగమన్నారు.

"బజారు దాకా తీసుకెల్లరేటి? పూలు వాడిపోతన్నాయి," అంది తెలుగులో. ఏమందని కెప్టెను అడిగితే సత్తిరాజు ఉన్నదున్నట్టు చెప్పాడు. సిపాయిలు నవ్వు ఆపుకోలేకపోయారు. కెప్టెను కాగితం మీద ఏదో రాసి సంతకం పెట్టాడు.

"నువ్వు వెళ్లొచ్చు. బండి ఇక్కడే ఉంటుంది."

ఆసుపత్రి ప్రయాణం సంగతి ఎవరూ అడగలేదు. సత్తిరాజు కూడా చెప్పలేదు. తనమీద మోపదగ్గ నేరం ఆ ఒక్కటే అయినా, అది ఏ కాగితంలోనూ లేదు.

బండి మళ్లీ రాలేదు. ఆ ఎత్తు, ఆ టైర్లు సైనికులకి నచ్చాయి. దానిమీద మైకు కట్టి, నలుగురికి మించి గుమిగూడకూడదని పేటపేటకీ తిరిగి చెప్పించారు. మింగళ తౌంగ్‌న్యున్‌కి వచ్చిన రోజు సత్తిరాజు కొలిమి బయట నిలబడి చూశాడు. గుంతల్లో పడుతూ లేస్తూ బండి నికరంగా పోతోంది. ఎడమ కమాను కొంచెం దిగింది, ఒక పట్టీ మార్చాలి అనుకున్నాడు. పని బాగా కుదిరినందుకు సంతోషించాలో లేదో తెలియలేదు.

కిన్ మౌంగ్ ఏడాది పాటు అక్క గుమ్మం తొక్కలేదు. ఆఖరికి వచ్చాడు. పార్టీ పేరు మార్చుకుందట, కొత్త కార్డు తీసుకున్నాడట. సాన్ సాన్ తమ్ముడికి అన్నం వడ్డించింది గానీ మాట్లాడలేదు. సత్తిరాజే మాట్లాడాడు.

"చేపల పులుసు ఇంకొంచెం వేసుకో," అన్నాడు.

కిన్ మౌంగ్ తల వంచుకుని వేసుకున్నాడు.