ఫుజైరాలో దొరికిన కోత పండుగ పాట

2023 సెప్టెంబరు 23, శనివారం ఉదయం 7 గంటల 40 నిమిషాలకు షార్జా జుబైల్ స్టేషనులో ఫుజైరా బస్సెక్కాం, నేనూ పోశమూ. టికెట్టు మనిషికి ఇరవై అయిదు దిర్హములు. ఎడమవైపు కూర్చుంటే ఎండ పడదు.

పోశం షార్జా శివార్లలోని సజ్జాలో వెల్డరు. జగిత్యాల దగ్గర తన ఊళ్లో పెళ్లిళ్లకు ట్రంపెట్ ఊదినవాడు. లేబరు క్యాంపులో అలాంటివాళ్లనే మరో నలుగురిని పోగేశాడు. రెండు ట్రంపెట్లు, హార్న్, ట్రాంబోన్, ట్యూబా. మా తెలుగు చర్చిలో పండుగలకు వాళ్లే వాయిస్తారు. కిందటేడు కోత పండుగకు పెళ్లి ఊరేగింపుల బరాత్ పాటలు ఊదితే పిల్లలు లేచి ఆడారు, పాస్టరు గారి ముఖం మాడింది. ఈసారి కోత పండుగ సంగీతమే కావాలన్నారు. పండుగ అక్టోబరు ఒకటిన.

నర్సింగు చదివిన రోజుల్లో మిషను ఆసుపత్రి చర్చిలో ఆర్గన్ వాయించాను. పాశ్చాత్య స్వరలిపి చదవగలను గనుక వెతికే పని నా మీద పడింది. మా అమ్మాయీ నర్సే. తన పాత పేషెంటు ఒకాయన సంగతి చెప్పింది. పేరు హెర్మన్, జర్మన్. ఫుజైరా రేవులో ఓడలకు చమురు నింపే కంపెనీలో పనిచేసి మానేశారు. సరిగ్గా అయిదు వాద్యాలకు రాసిన కోత పండుగ సంగీతం ఆయన దగ్గర ఉందట.

ధైద్ దాటాక కొండలు మొదలయ్యాయి.

"సిస్టరమ్మా, జర్మనోల్లు సుత కోతలకు పండుగ జేస్తరా?" అన్నాడు పోశం.

"చేస్తారు."

"అయితే మనోల్లే."

9.55కు దిగాం. టాక్సీకి పన్నెండు. హెర్మన్ గారి ఇంట్లో సగం సామాను అట్టపెట్టెల్లో ఉంది. అక్టోబరు నాలుగున స్వదేశానికి వెళ్లిపోతున్నారు. రేకు పెట్టెలోంచి వాద్యానికొకటి చొప్పున అయిదు కాగితాలు తీశారు. ఊరి బ్యాండు నడిపిన తమ్ముడు రాసి, ఇరవై ఏళ్ల కిందట ఆఫీసుకు ఫ్యాక్సులో పంపినవి. గీతలు లేతబడ్డాయి గానీ చదవవచ్చు. తమ్ముడు పోయాడు, ఇల్లు అమ్మేశారు, అక్కడి కాగితాలన్నీ చెత్తలోకి వెళ్లాయి.

"ఇక ఇవే ఉన్నాయి, తీసుకెళ్లండి. పండుగనాడు వస్తాను. ఒక్కసారి విని వెళ్తాను," అన్నారు ఇంగ్లీషులో.

తిరుగు బస్సు ఒంటిగంటకు. స్టాపు పక్కనే, దరఖాస్తులు నింపి లామినేషన్ చేసిపెట్టే టైపింగు సెంటరు.

"చెమట చేతులల్ల గీ కాయిదాలు రెండ్రోజులు ఆగయి. లామినేషన్ జేపిద్దాం. నా పాస్‌పోర్టు కాపీ పదేండ్ల సంది గట్లనే ఉన్నది," అన్నాడు పోశం.

గల్ఫుకు వచ్చినవాళ్లం మేమంతా ఏ కాగితాన్నయినా ముందు ప్లాస్టిక్కులో పెట్టిస్తాం. నా నర్సింగు సర్టిఫికెట్లు కూడా అలాగే ఉన్నాయి. సరే అన్నాను.

షాపు కుర్చీలోని మలయాళీ ఒకదాని వెనక ఒకటి మూడు కాగితాలు మిషనులోకి తోశాడు. అవతలి నుంచి మొదటిది వచ్చింది. పలకలా నల్లగా ఉంది. వెనకవైపేమోనని తిప్పాను. నా ముఖం కనిపించింది అందులో. అప్పటికి రెండోది వచ్చింది. మూడోది సగం బయటికి వచ్చింది, అదీ నలుపే. పోశం నాలుగో కాగితాన్ని అతని చేతిలోంచి లాక్కున్నాడు.

"అమ్మాజీ, యే ఫ్యాక్స్ కా కాగజ్ హై. గర్మీ లగా తో ఖలాస్," అన్నాడు మలయాళీ. వేడి తగిలితే ఒళ్లంతా నల్లబడే కాగితమట. డబ్బు తీసుకోలేదు.

పోశం ఫోను తెరిచి పొద్దున హెర్మన్ గారితో తీసిన సెల్ఫీ చూశాడు. అందులో ఆయన నవ్వు, ఇతని పళ్లు, కాగితాల వెనకవైపు ఉన్నాయి.

"చెప్పకపోతే ఏమయితది, సిస్టరమ్మా?"

"పద," అన్నాను.

బస్సు వదిలేసి మళ్లీ ఆ ఇంటికే వెళ్లాం. అయిదూ బల్ల మీద పెట్టాను. హెర్మన్ గారు ఒక నల్ల కాగితాన్ని వేలితో తడిమారు.

"పాట పాడండి, నేను రాసుకుంటాను," అని బతిమాలాను.

ఆయన నల్ల కాగితాన్ని పక్కన పెట్టారు. "నేను వాయించింది ట్యూబా. పాట తమ్ముడు ఊదేవాడు. నాకు పాట కింద ఊదే బూం, బూం ఒక్కటే వచ్చు." బల్ల మీద చేత్తో కొడుతూ దాన్నే చివరిదాకా పాడారు. మధ్యమధ్య పాట రావలసిన చోట ఆగి, మాకేసి చూశారు. పోశం తల దించుకుని వేళ్ల మీద తాళం లెక్కపెట్టాడు.

గుమ్మం దాకా వచ్చి, "పండుగకు రానులెండి," అన్నారు.

మూడున్నర బస్సుకు బయలుదేరాం. ఫుజైరా నెమ్మదైన ఊరు, సముద్రం బాగుంటుందంటారు, నేను చూడలేదు. ఎవరి దగ్గరైనా పాత ఫ్యాక్సు కాగితం ఉంటే ముందు జెరాక్సు తీయించండి.

"వచ్చే ఐతారం పండుగకు ఏం ఊదాలె?" అన్నాడు పోశం దారిలో మసాఫీ దగ్గర.

కాగితాల్లో మిగిలినవి ట్రాంబోన్, ట్యూబా. పోయినవి మొదటి ట్రంపెట్, రెండో ట్రంపెట్, హార్న్.