ఇద్దరు కూర్చుంటేనే ఆడే మగ్గం

హాస్కిన్స్ దొర జ్వరంతో పోయి నెల తిరక్కుండానే వర్జీనియాలోని ఆయన ఆస్తి పంపకానికి రోజు పెట్టారు. ముగ్గురు పిల్లలు, మూడు వాటాలు. పొగాకు పొలాలు, గుర్రాలు, వెండి చెంచాలు, వాటితో పాటు బానిసలు ఇరవై ఆరుగురు. ఏ వాటా ఎవరిదో టోపీలో వేసిన చీటీ తేలుస్తుంది. దొరలకి అదే న్యాయం. తల్లినీ బిడ్డనీ విడదీసిన పాపం చీటీ మోస్తుంది, వాళ్ళు మాత్రం చేతులు కడుక్కుని భోజనానికి కూర్చుంటారు.

ఆ ఇరవై ఆరుగురిలో నేతపని చేసే కెజయాని తొమ్మిదో ఏట తల్లి దగ్గర్నుంచి లాక్కుపోయింది అలాంటి టోపీయే. ఇప్పుడు ఆమె కూతురు ఫెబీకి పన్నెండేళ్ళు. కెజయా ఏడవలేదు, ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. కొట్టంలో మూలపడి ఉన్న వెడల్పు మగ్గం బూజు దులిపి, నూలు ఎక్కించింది.

పంపకం పెద్దలు పనిముట్టునీ పనిమనిషినీ ఒకే పద్దులో రాస్తారు, ఒక పద్దు ఒకే వాటాలోకి పోతుంది. కొలిమితో కమ్మరి, ఇనుప కుండలతో వంటమనిషి. అది ఆమె ఎప్పుడో కనిపెట్టింది. వెడల్పు మగ్గం ఒక్కరి చేతులకి అందదు. చెరో కొసనా కూర్చుని, పేక దారం చుట్టిన నాడెను ఒకరికొకరు విసురుకోవాలి.

"అమ్మా, చేతులు బొబ్బలెక్కాయే."

"ఎక్కనీ. మానతాయి. విసురు."

"మళ్ళీ కింద పడింది."

"నేలకి నేర్పుతున్నావా, నాకు అందిస్తున్నావా? తియ్యి!"

పది రోజులకి నాడె కింద పడడం మానేసింది.

పెద్దలతో పాటు పొరుగు ఆసామి టాలివర్ కాగితం పట్టుకుని వచ్చాడు. "మగ్గం, కెజయా. ఇదొక పద్దు. పిల్ల వేరే," అన్నాడు.

"రాసుకోండి దొరగారూ. పిల్ల లేకపోతే ఈ మగ్గం పొయ్యిలోకే. నమ్మకపోతే ఆ కొసన తమరు కూర్చోండి."

టాలివర్ నవ్వుతూ కూర్చున్నాడు. మొదటిసారి కెజయా విసిరిన నాడె ఆయన మోకాలికి తగిలింది. రెండోసారి నేల మీద పడింది. మూడోసారి దారాలు పుటుక్కుమన్నాయి. హాస్కిన్స్ పెద్దకొడుకు రాండల్ పగలబడి నవ్వాడు. "లేవండి బాబాయ్, మీ వల్ల మేమంతా దుప్పట్లు లేకుండా చస్తాం!"

కెజయా తెగిన దారాలు ముడేసింది. ఆయన లేచిన చోట ఫెబీ కూర్చుంది. నాడె ఇటూ అటూ ఎగురుతుంటే, ఆ పిల్ల తల్లి ముఖం తప్ప ఇంకేదీ చూడలేదు. టాలివర్ మోకాలు రుద్దుకుంటూ రాశాడు: వెడల్పు మగ్గం, నేసేవాళ్ళు ఇద్దరు, ఒకే పద్దు.

ఆ పద్దున్న వాటా చీటీ హాస్కిన్స్ కూతురు లూసిండాకి పడింది. మగ్గంతో పాటు తల్లీబిడ్డలిద్దరూ ఒకే బండిలో నలభై మైళ్ళు పోయారు.

ఎనిమిదేళ్ళ తర్వాత లూసిండా మొగుడు కొత్తరకం నాడె ఒకటి కొనుక్కొచ్చాడు. తాడు లాగితే దానంతటదే పరుగెడుతుంది, ఒక్కరు చాలు. "ఇక ఫెబీని అమ్మేయొచ్చు," అన్నాడు అన్నం తింటూ.

కెజయా ఆ నాడెతో ఆరు రోజులు ఒక్కతే కూర్చుని ఒక దుప్పటి నేసింది. అంచులు వంకర, నడుమ కంతలు, పక్క మీద పరిస్తే మేక తొక్కిన పొలంలా ఉంది.

"మన నూలుకి ఈ వస్తువు పడదండయ్యా," అంది తలొంచుకుని.

కొత్త నాడె అటక మీదికి పోయింది. ఫెబీ తన కొసకి వచ్చి కూర్చుంది. అంత వంకరగా నేయడానికి తన తల్లి ఎంత కష్టపడిందో ఆమెకి ఒక్కదానికే తెలుసు.