గేర్‌బాక్స్ చెడగొట్టింది బాబాయ్ కాదు

బాబాయ్ పోయారన్న సంగతి నాకు గ్రూప్ మెయిల్‌లో తెలిసింది. సబ్జెక్ట్‌లో "సాడ్ న్యూస్". లోపల మూడే లైన్లు. మన మెకానిక్ అంకుల్ బుధవారం పొద్దున హార్ట్ ఎటాక్‌తో పోయారు, శనివారం గుడి హాల్లో సంతాప సభ, పార్కింగ్ వెనక వైపు. పార్కింగ్‌కి ఒక లైను దొరికింది గానీ, ఇన్నేళ్లుగా ఈ టెక్సస్ ఇర్వింగ్‌లో అడిగిన ప్రతి తెలుగువాడి కారు కిందా వెల్లకిలా పడుకున్న మనిషి గురించి ఇంకొక్క ముక్క రాయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

సభలోనూ అంతే. మా తెలుగు సంఘం ప్రెసిడెంట్ గారు మైకు పట్టుకుని, "సింపుల్ మనిషి, హెల్పింగ్ నేచర్" అన్నారు. తర్వాత నవ్వుతూ, "మన అసోసియేషన్ ట్రక్కుని నిమజ్జనం రోజు హైవే మీద కూర్చోబెట్టారనుకోండి, అయినా మనసు మాత్రం బంగారం" అన్నారు. హాలంతా నవ్వింది. ముందు వరసలో ఉన్న బాబాయ్ కూతురు కూడా తప్పదన్నట్టు ఓ చిన్న నవ్వు నవ్వి తల దించుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. పోయిన మనిషి ఫొటో ముందు నిలబడి, ఆయన చెయ్యని తప్పు మీద జోకేస్తారా?

ఆ ట్రక్కు గేర్‌బాక్స్ చెడగొట్టింది బాబాయ్ కాదు. ఆ సంగతి జోకేసిన ప్రెసిడెంట్‌కీ తెలుసు, వెనక నిలబడి విన్న నాకూ తెలుసు. ఇదే రాసి సంఘం సావనీర్‌కి పంపితే, "ట్రిబ్యూట్ కదా, పాజిటివ్‌గా ఉంచుదాం, ఆ ట్రక్కు పేరాలు తీసేద్దాం" అని జవాబొచ్చింది. అవి తీసేస్తే ఇక ఇందులో మిగిలేదేముంది? అందుకని మీ ముందు పెడుతున్నాను.

బాబాయ్ నాకు వరసకి ఏమీ కారు. బెజవాడ వైపు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి, అక్కగారు స్పాన్సర్ చేస్తే కుటుంబంతో ఇక్కడికొచ్చి, ఒక డెలివరీ కంపెనీ ట్రక్కుల షెడ్డులో పనికి కుదిరారు. మేమందరం లాస్ కొలినాస్ ఆఫీసుల్లో మెడలో బ్యాడ్జీలు వేలాడేసుకుని తిరిగేవాళ్లం. ఏ పార్టీకి వెళ్లినా ఆయనకి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: "మీరు ఏ టెక్నాలజీలో అంకుల్?" ఆయన నిమ్మళంగా "డీజిల్‌లో" అనేవారు. అడిగినవాళ్లు మెల్లిగా పక్కకి తప్పుకునేవాళ్లు. అదే మనుషులు మర్నాడు, "అంకుల్, బ్రేక్ తొక్కితే సౌండొస్తోంది, ఒకసారి వస్తారా?" అని ఫోన్ చేసేవాళ్లు. సిగ్గు లేకపోతే సరి.

ఆ ట్రక్కు మా సంఘం సెకండ్ హ్యాండ్‌లో కొన్న తెల్ల పికప్. ఉగాదికి కుర్చీలు, బతుకమ్మకి టెంట్లు, చవితికి వినాయకుడు, అన్నీ దాని మీదే. ప్రెసిడెంట్ గారు తప్ప ఏటా కమిటీ మారేది, తాళాలు చేతులు మారేవి. దసరాకి టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, హారతిచ్చి, బానెట్ ఎత్తకుండానే తాళం వేసేసే జాతి మాది. మూడేళ్లకో లీజు కారు మార్చేవాళ్లకి బండి లోపల ఏముంటుందో ఎందుకు? బాబాయ్ మాత్రం ఎవరూ అడక్కుండానే దాన్ని తన ఇంటి బండిలా చూసుకున్నారు.

దాని గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ మార్చే రోజున నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవారు. అప్పటికి నేను మాస్టర్స్ అయి కొత్తగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంలో చేరాను, శనివారాలు ఖాళీ. ముందు ట్రక్కుని ఓ పది నిమిషాలు తిప్పి ఆయిల్‌ని వేడెక్కించేవారు. తర్వాత కింద దూరి, గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్ బోల్టుల్లో ఒక మూలవి కాస్త ఎక్కువ వదులు చేస్తే, పాన్ ఆ మూలకి వాలి ఆయిల్ టబ్బులోకి దిగేది. ఊడదీసిన ప్రతి బోల్టునీ ఒక స్టీలు పళ్లెంలో, పాన్‌కి ఎలా ఉందో అదే వరసలో పేర్చేవారు. ఆయిల్ రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి చూసేవారు. కొత్తది దానిమ్మ రసంలా ఉంటుంది. నల్లబడి మాడు వాసనొస్తే ఆయన మొహం కూడా మాడిపోయేది.

"ఇంజనుకి రోగమొస్తే అరుస్తది రా అబ్బాయ్. గేర్‌బాక్సు అరవదు, ఓర్చుకుంటది. మనోళ్లు అరిచేదాన్నే చూస్తారు" అనేవారు.

ఆయన నాకు వందసార్లు చెప్పింది వేరే ఉంది. పాత ఫిల్టర్ కిందికి లాగినప్పుడు దాని మెడకుండే రబ్బరు సీలు ఒక్కోసారి ఊడిరాదు. పైన రంధ్రంలోనే అతుక్కుని ఉండిపోతుంది. ఆయిల్ పూసుకుని అది కూడా నల్లగా ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు. వేలు పెట్టి తడిమి, గోరుతో లాగి, పాత సీలుని పళ్లెంలో పడేశాకే కొత్త ఫిల్టర్ ముట్టుకునేవారు. "పాతది నీ కంటికి కనపడిందాకా కొత్తది పెట్టమాక" అనేవారు. నేను "సరే బాబాయ్, సరే బాబాయ్" అంటూ ఫోన్ చూసుకునేవాణ్ణి.

ఆ ఏడాది చవితి ముందు బాబాయ్‌కి కంటికి ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు వంగకూడదన్నారు. ఆయిల్ మార్చే సమయం దాటిపోయింది, ఓ రెండు వారాలు ఆగమని ఆయన కబురు పెట్టారు. ప్రెసిడెంట్ గారికి ఆగడానికి తీరికెక్కడిది? "వీడియోలు బోలెడున్నాయి, ఇదేమన్నా రాకెట్ సైన్సా, నువ్వు చేసెయ్ బ్రో" అన్నారు. నేను "నాకొచ్చు" అన్నాను. చేసింది నేను. ప్రెసిడెంట్ గారి డ్రైవ్‌వేలోనే, ఆయన చూస్తుండగానే చేశాను. మధ్యాహ్నం గెస్టులు వస్తారని ఆయన తొందర. పాత ఫిల్టర్ లాగాను. కొత్తది పైకి పూర్తిగా ఎక్కలేదు. అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాను. కూర్చుందనుకున్నాను.

నిమజ్జనం రోజు వన్ ఎయిటీ త్రీ హైవే మీద ఇంజను గోల పెడుతోంది, బండి మాత్రం కదలదు. వెనక వినాయకుడు, ఆ వెనక కార్లలో డప్పులు, లంగా ఓణీల్లో పిల్లలు, మాడు వాసన. సీలు మీద సీలు పడి ఫిల్టర్ సరిగ్గా కూర్చోలేదు. సందులోంచి గాలి పీల్చుకుని ఆయిల్ అంతా నురగైపోయింది. అప్పుడు నాకిదేమీ తెలియదు. రోడ్డు పక్క షోల్డర్ మీద అందరూ దిగి నిలబడితే ప్రెసిడెంట్ గారే నోరు విప్పారు.

"మెకానిక్ అంకులే కదా చూసేది దీన్ని? పాపం, వయసైపోయింది, కళ్లు కూడా సరిగ్గా కనపడట్లేదు. మనమే అర్థం చేసుకోవాలి."

నేను నోరు తెరిచాను. ఆఫీసులో నా మేనేజరు కూడా ఆయనే, నా భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్లారు. "నువ్వు టెన్షన్ పడకు. నీ హెచ్-వన్ వీసా పేపర్లు మా టీమ్ నుంచే వెళ్లాలి కదా? ఇది నేను హ్యాండిల్ చేస్తా" అన్నారు. నేను నోరు మూసుకున్నాను. బెదిరించారని చెప్పి తప్పించుకోను. నాకు ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది, అదీ నిజం.

తర్వాతి శనివారం బాబాయ్ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, డాక్టర్ మాట కాదని, ట్రక్కు కింద దూరారు. ఫిల్టర్‌తో ఒక సీలు వచ్చింది. రంధ్రంలో వేలు పెట్టారు, ఇంకోటి వచ్చింది. రెండూ పళ్లెంలో పెట్టి నా వైపు జరిపారు. ఆ బండిని తను ముట్టుకోలేదని ఆయనకి తెలియదా? పక్కన కూర్చుని చెమటలు కక్కుతున్నది ఎవరో కనపడదా? మళ్లీ ట్రక్కు కిందికి దూరారు. గేర్‌బాక్స్ లోపల మొత్తం కాలిపోయింది. ట్రక్కుని తుక్కు కింద తీసుకుపోయారు.

జనరల్ బాడీ మీటింగ్‌లో ఒక తీర్మానం చేశారు. ఇకపై సంఘం వాహనాలు "క్వాలిఫైడ్ ప్రొఫెషనల్స్" చేతికే ఇవ్వాలట! జీవితమంతా బస్సుల కిందా ట్రక్కుల కిందా గడిపిన మనిషి వెనక వరసలో కూర్చుని ఆ మాట విన్నారు. చేతులెత్తమంటే అందరితోపాటు నా చెయ్యి కూడా లేచింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఆ చెయ్యిని నరుక్కోవాలనిపిస్తుంది.

మీటింగ్ అయ్యాక పార్కింగ్ లాట్‌లో ఆయన వెనకే పరిగెత్తాను. "ఎందుకు చెప్పలేదు బాబాయ్, నేను చేశానని?"

ఆయన గిర్రున తిరిగారు. అంత కోపం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు. "నేనెందుకు చెప్పాల్రా? నోరు నీకు లేదా? ఎదురుగా కూర్చున్నావుగా, చెయ్యి కూడా ఎత్తావుగా! నీ మాట నువ్వు చెప్పుకో. చెప్పిందాకా నాతో మాట్లాడమాక."

సంతాప సభలో అందరూ ఆయన్ని కోపమే తెలియని మనిషి అన్నారు. శుద్ధ అబద్ధం. ఆయనకి కోపం వచ్చేది, రావాల్సిన చోట వచ్చేది. నన్ను క్షమించారని కూడా రాయను, ఎందుకంటే క్షమించలేదు. ఆ తర్వాత నేను ఫోన్ చేస్తే ఎత్తేవారు కాదు. ఎవరైనా కారు చూడమని పిలిచినా వెళ్లడం లేదని విన్నాను. నా మీద కోపం ఊరందరి మీద చూపిస్తున్నారనుకున్నాను. గ్రీన్ కార్డ్ వచ్చాక అందరి ముందూ చెప్పేద్దామని నాకు నేను వాయిదా వేసుకున్నాను. అది రాకముందే ఆయన వెళ్లిపోయారు.

సభ అయిన మర్నాడు ఆయన కూతురింటికి వెళ్లాను. వాళ్లమ్మ పోయినప్పటి నుంచీ బాబాయ్ అక్కడే ఉండేవారు. ఆ అమ్మాయి ఇక్కడే పెరిగింది, హాస్పిటల్లో నర్స్. కూర్చోమంది. కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. సీలు సంగతి, హైవే మీద ప్రెసిడెంట్ మాట, నేను ఎత్తిన చెయ్యి. తిడుతుందని ఎదురుచూశాను.

"సో... డాడీ చెయ్యలేదా అది?"

"లేదమ్మా. నేను చేశాను."

"అందరూ చెప్పారు నాకు. హి ఈజ్ గెటింగ్ ఓల్డ్, కళ్లు కనపడటం లేదు, సేఫ్ కాదు అని. నేను నమ్మాను." ఆమె గరాజ్ వైపు చూసింది. "డాడీని అడిగాను, మీరు మర్చిపోయారా అని. ఏం చెప్పలేదు. సో నేను తీసేశాను."

"ఏం తీసేశావు?"

ఆమె లేచి గరాజ్ తలుపు తీసి లైటు వేసింది. ఎదురు గోడకి పెద్ద చెక్క బోర్డు, నిండా మేకులు. ఒక్కో మేకు కింద ఏ సామాను ఎక్కడ తగిలించాలో నల్ల మార్కర్‌తో బొమ్మ గీసి ఉంది. చిన్న స్పానర్, దాని పక్కన కాస్త పెద్దది, శ్రావణం, సుత్తి, గరాటు. గోడంతా గీతలే. ఏ మేకుకీ ఒక్క సామాను లేదు.