శామీర్‌పేటకు టెస్ట్ లైటుతో

మేడ్చల్‌లో నాకు ఆటో ఎలక్ట్రికల్ షాపుంది. బండి వైరింగ్‌లో తప్పెక్కడున్నా పట్టుకుంటాను. గొప్పలు కావు, కావాలంటే వచ్చి చూడండి. ఆ రోజు పదకొండు దాటాక శామీర్‌పేట నుంచి మల్లేశ్ ఫోన్ చేశాడు. తుర్కపల్లి ల్యాబుల స్టాఫ్‌ను తిప్పే క్యాబ్ అతనిది.

“అక్కా, బండి స్టార్టయితలేదు. పొద్దుగాల ట్రిప్పు పోయింది. అయిదింటిది గూడ పోతే డ్యూటీలకెల్లి తీసేస్తమన్నరు. మెకానిక్ ఫ్యూజు, రిలే మార్చిండు. ఇగ పెట్రోల్ పంపు మార్చాలంటున్నడు.”

“నేనొచ్చేదాక ఎవర్నీ చెయ్యి పెట్టనియ్యకు,” అని టెస్ట్ లైటు, నాలుగు వైర్లు సంచిలో వేసుకున్నాను.

శామీర్‌పేట బస్సు ఎప్పుడొస్తుందని మేడ్చల్ స్టాండులో ఎవరినీ అడక్కండి, తలా ఒక టైం చెబుతారు. నిలబడడమే మార్గం. వచ్చిన బస్సులో కిటికీ సీటు దొరికింది. ఆధార్ చూపిస్తే కండక్టర్ ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కొట్టాడు. పక్కన ఆకుకూరల గంపతో కూర్చున్నామె నా సంచిలో వైర్లు చూసి, “ఏం పనమ్మా నీది?” అంది. చెప్పాను.

“అయితే మా ఇంటాయన్ని గూడ జర సూడు. పొద్దుగాల ఎంత లేపినా స్టార్టే కాడు!”

ముందు సీట్లవాళ్లు కూడా నవ్వారు.

స్టాపు దగ్గర రెండు పూరీలు తిని మల్లేశ్ ఇంటికి చేరేసరికి ఒకటిన్నర. గడప మీద వాళ్ల అవ్వ దిగాలుగా కూర్చుంది. తాళం ఒక మెట్టు తిప్పించి, వెనక సీటు దగ్గర చెవి పెట్టాను, పెట్రోల్ పంపు దాని కిందే ఉంటుంది. పంపు జుయ్యిమనాలి, చప్పుడే లేదు. పంపు వైర్ల ప్లగ్గు విప్పి కరెంటు చూశాను, వస్తోంది. వచ్చిన కరెంటు తిరిగి బ్యాటరీకి పోవాలంటే ఎర్త్ వైరు బాగుండాలి. అక్కడ పెడితే టెస్ట్ లైటు నిండుగా వెలగక మిణుకుమంది. పంపుకు ఏ రోగమూ లేదని అప్పుడే తేలిపోయింది.

వైరు వెంబడే పోయి వెనక బంపర్ కిందికి దూరాను. అక్కడ, ఎర్త్ బోల్టు కింద నిమ్మకాయా మిరపకాయల దండ! నిమ్మరసం కారి కారి ఇనుము ఎర్రగా తుప్పెక్కింది. వైరుకూ బాడీకీ మధ్య దారం పోగులు.

“గిదెవరు కట్టిండ్రు?”

“నేనే అక్కా. అవ్వ ప్రతి అమాసకు దండ గుచ్చిస్తది. బోల్టు వదులు జేసి దారం దోపుత.”

“ముందట కట్టొచ్చు గదరా! ఈ దండతోనే బండి ఆగింది.”

“ఎనకకెల్లి సూసేటోళ్ల దిష్టే ఎక్కువ బిడ్డా,” అంది అవ్వ. మరుక్షణం ఆమెకు విషయం అర్థమై ముఖం మాడిపోయింది. “అంటే నా చేతులతోని నేనే వాని బండి నిలవెట్టిన్నా?” అని లోపలికి వెళ్లిపోయింది. నా నోటి దురుసుకు నాకే బాధేసింది.

బోల్టు విప్పి, ఇనుము తళతళలాడేదాకా గరుకు కాగితంతో రుద్ది, వైరుకు కొత్త కొస వేసి బిగించాను. తాళం తిప్పగానే జుయ్యిమంది. రెండో తిప్పుకు ఇంజన్ అందుకుంది. అవ్వను పిలిచి, “దండ కట్టుడు తప్పు కాదవ్వా, బోల్టు విప్పుడు తప్పు. ఈసారి లోపల అద్దానికి కట్టు,” అన్నాను. ఆమె తలూపింది కానీ బండి దగ్గరికి రాలేదు.

ఆ అయిదింటి ట్రిప్పు మేడ్చల్ వైపే కాబట్టి నేనూ ఎక్కాను. మీరూ ఈ దారిన వెళ్తే సాయంత్రమే వెళ్లండి, శామీర్‌పేట చెరువు గాలి హాయిగా ఉంటుంది. అయిదుకు పది నిమిషాలుండగా ల్యాబు గేటు దగ్గరికి చేరాం. సూపర్‌వైజర్ అప్పటికే ఇంకో క్యాబ్‌ను పిలిపించాడు. మమ్మల్ని చూసి దాన్ని తిప్పి పంపేశాడు. స్టాఫ్ ఎక్కుతుండగా మల్లేశ్ ఇంటికి ఫోన్ కలిపాడు.

“అవ్వా, ట్రిప్పు దొరికింది.”

అవతలి నుంచి వెక్కిళ్లు నాకూ వినిపించాయి.

“ఏందే ముసల్దానా! బండి నడుస్తాంటే గూడ ఏడుస్తవా?” అన్నాడు మల్లేశ్, మోచేత్తో తన కళ్లు తుడుచుకుంటూ.